సఫ్‌లో సమానులం, సఫ్ దాటాక?

ఇస్లాంలో కులం లేదన్న వాక్యాన్ని ఈ దేశంలో రెండు వైరి శిబిరాలు ఒకే స్వరంతో పలుకుతున్నాయి. ముస్లింలకు రిజర్వేషన్లు ఇవ్వరాదనేవారు, కులమే లేని మతస్థులకు వెనుకబాటు కోటా ఏమిటని అడగడానికి దాన్ని వాడుకుంటారు. ముస్లిం సమాజంలో పైమెట్టు మీద ఉన్నవారిలో కొందరు, ఇంటి అంతరాలు బజారున పడకుండా చూసుకోవడానికి అదే వాక్యాన్ని వల్లిస్తారు. ఒకరు మా హక్కును కాదంటారు, ఇంకొకరు మా అనుభవాన్ని కాదంటారు. ఈ రెంటి నడుమ నలిగేది దూది ఏకినవారు, పరుపులు కుట్టినవారు, మాంసం కొట్టినవారు, క్షవరం చేసినవారు, ఫకీరు జోలెతో ఊళ్లు తిరిగినవారు. 2027 జనగణనలో కులాన్ని కూడా లెక్కించాలని కేంద్రం నిర్ణయించాక ఈ వాదన సభావేదికలను దాటి ప్రతి ముస్లిం ఇంటి గడపకు చేరుతున్నది. గణకుడు కులం అడిగినప్పుడు ఏం చెప్పాలి? దూదేకుల అనో, ఫకీరు అనో, ఖురేషీ అనో చెబితే అది ధర్మానికి ద్రోహం అవుతుందా?

ఈ ప్రశ్నకు జవాబును గ్రంథాల్లోనే కాదు, దైనందిన ఆచరణలో కూడా వెతకాలన్నది నా వాదన. ఇస్లాం తన అనుయాయులపై ఐదు మూల విధులను ఉంచింది. విశ్వాసాన్ని ప్రకటించే కలిమా, రోజుకు ఐదు పూటల నమాజు, రంజాన్ నెల ఉపవాసమైన రోజా, సంపదలో పేదల వాటాను చెల్లించే జకాత్, స్తోమత ఉన్నవారికి జీవితంలో ఒకసారి హజ్ యాత్ర. వీటిని ఎవరు, ఏ పరిస్థితుల్లో, ఏ మూల్యం చెల్లించి పాటిస్తున్నారో చూస్తే ధర్మం ఎక్కడ ఆగుతున్నదో, కులం ఎక్కడ మొదలవుతున్నదో తెలుస్తుంది.

ఇందుకు ఖమ్మం జిల్లా బోనకల్ ప్రాంతాన్ని తీసుకుంటున్నాను. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో మధిరకు ముందు వచ్చే ఊరు ఇది. సాగర్ ఎడమ కాలువ నీరు అందినచోట వరి, మిగతా చోట్ల పత్తి, మిరప, మొక్కజొన్న పండే నేల. ఇక్కడి ముస్లింలు పాతబస్తీ గురించి రాసే వ్యాసాల్లో కనిపించరు, సినిమాల్లోని షేర్వానీ నవాబుల్లోనూ కనిపించరు. కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు, తాపీ మేస్త్రీలు, ఆటో నడిపేవారు, మెకానిక్ షెడ్లు, కోళ్ల దుకాణాలు పెట్టుకున్నవారు వీరు. వీరిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారున్నారు, తెలుగు తప్ప మరో భాష ఎరుగని దూదేకుల వారున్నారు. నేను పుట్టింది దూదేకుల కుటుంబంలో. మా తాతల చేతిలో దూది ఏకే విల్లు ఉండేది, నా చేతికి పీహెచ్‌డీ పట్టా వచ్చింది. ఆ దూరాన్ని దాటించిన వాటిలో బీసీ-బీ ధ్రువపత్రం ఒకటి.

మొదటి విధి కలిమా. దేవుడొక్కడేనని, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని మనసారా అంగీకరించడమే దాని సారం. దానికి ఖర్చు లేదు, వంశవృక్షం అక్కరలేదు, ఉర్దూ రానక్కరలేదు. అయినా దూదేకుల మనిషి జీవితమంతా 'మీరు అసలు ముస్లింలేనా' అన్న ప్రశ్నను రెండు వైపుల నుంచీ ఎదుర్కొంటాడు. ఉర్దూ రాదు కాబట్టి, ఇంటిపేరు తెలుగులో ఉంది కాబట్టి, పెళ్లిలో కొన్ని స్థానిక ఆచారాలు మిగిలాయి కాబట్టి సాటి సాయిబులు అనుమానిస్తారు. మీరు మావాళ్లలాంటి వారే గదా అంటూ ఊళ్లోని హిందువులు మెచ్చుకోలుగా అంటారు. ఆ మెచ్చుకోలులో మిగతా ముస్లింలు పరాయివారన్న తీర్పు దాగి ఉంటుంది. కలిమా అడగని పరీక్షలను భాష పేరిట, పేరు పేరిట, కట్టుబొట్టు పేరిట మనుషులు పెడుతున్నారు. పుట్టుకనుబట్టి మనిషి నిజాయితీని కొలిచే ఈ పద్ధతికి ఈ దేశంలో ఒకటే పేరున్నది. అది కులం.

ఈ అనుమానం ఎంత లోతైనదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. బుర్రకథకు పర్యాయపదమైన షేక్ నాజర్, పద్మశ్రీ అందుకున్న మహా కళాకారుడు. ఆయన ఆత్మకథకు పేరు 'పింజారి'. ఊరు తిట్టుగా వాడిన వృత్తి నామం అట్ట మీదికి ఎక్కింది. నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడ్డారు. నమాజును విడవని ఆ మనిషి చేతిలోని నాదస్వరం ఆలయాల్లో మోగింది. వీరి ముస్లింతనం ఎవరి ధ్రువీకరణ కోసమూ ఎదురుచూడలేదు. తెలుగులో జీవిస్తూ ముస్లింగా ఉండడంలో వైరుధ్యం లేదు. ఖురాన్‌ను చిలుకూరి నారాయణరావు వంటి పండితుడు తెలుగు చేసి దశాబ్దాలు గడిచాయి. మతాన్ని మాతృభాషలో అర్థం చేసుకునే హక్కు ఏ కులానికీ తక్కువ కాదు.

రెండో విధి నమాజు. తెల్లవారకముందు ఫజర్, మధ్యాహ్నం జుహర్, సాయంత్రం అసర్, పొద్దుగూకగానే మగ్రిబ్, రాత్రి ఇషా. ఈ ఐదింటినీ కూలి మనిషి దినచర్య పక్కన పెట్టి చూడండి. ఫజర్, ఇషా అతడి సొంత సమయాలు. జుహర్, అసర్ మాత్రం పొలం యజమానివి, మేస్త్రీవి, షెడ్డు ఓనర్‌వి. నిజానికి నమాజుకు పట్టేది కొద్ది నిమిషాలే. భూమి అంతా ప్రార్థనా స్థలమేనని ప్రవక్త సంప్రదాయం చెబుతుంది. నీరు దొరకకపోతే శుభ్రమైన మట్టితో శుద్ధి చేసుకునే తయమ్ముం వెసులుబాటు ఉన్నది. గట్టు మీద తువ్వాలు పరచుకుంటే సరిపోతుంది. ధర్మం ఇంత సులువు చేసినా, ఆ కొద్ది నిమిషాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది వర్గ ప్రశ్న, కుల ప్రశ్న. సొంత దుకాణం ఉన్నవాడు షట్టర్ సగం దించి మసీదుకు వెళ్లగలడు. ముఠాతో కలిసి పత్తి తీసే స్త్రీ వెళ్లలేదు. ఆమె ఇల్లు చేరాక, వంట పని ముగిశాక, తప్పిన పూటలను కలిపి చదువుకుంటుంది. మసీదుకు రానివారి భక్తిని తూకం వేసేవారు ఈ లెక్కను ఎన్నడైనా వేశారా?

మసీదులో వరుసను సఫ్ అంటారు. అందులో భుజానికి భుజం తాకాలి. ముందు వచ్చినవాడు ముందు నిలబడతాడు, ఆలస్యమైతే భూస్వామి అయినా వెనుకే. ఇమాంగా నిలబడడానికి వంశం కాదు, ఖురాన్ జ్ఞానం కొలమానం. తొలి అజాన్ పిలిచిన బిలాల్ విముక్తి పొందిన నల్లజాతి బానిస. దేవాలయ ప్రవేశానికి పోరాడవలసి వచ్చిన దేశంలో ఈ సఫ్ సామాన్యమైనది కాదు, దాన్ని నేను తక్కువ చేయను. కానీ సలాం చెప్పి లేచాక ఏం జరుగుతున్నది? మసీదు కమిటీలో ఎవరు కూర్చుంటున్నారు? జుమా నాటి ప్రసంగం ఎవరికి అర్థమయ్యే భాషలో సాగుతున్నది? తెలుగు మాత్రమే తెలిసిన శ్రోతలకు ఉర్దూలో హితబోధ చేస్తే, వారు సఫ్‌లో ఉన్నా సంభాషణకు వెలుపలే ఉంటారు.

మూడో విధి రోజా. చాంద్రమానం వల్ల రంజాన్ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో మార్చి రెండో వారంలో, 2025లో మార్చి 2న, 2026లో ఫిబ్రవరి మూడో వారంలో ఉపవాసాలు మొదలయ్యాయి. ఖమ్మం జిల్లాలో ఇది మిరప కోతల కాలం. ఏజెన్సీ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు దిగే సమయం. ఎండ, మిరప ఘాటు, కిందికి వంగి చేసే పని, వీటి నడుమ చుక్క నీరు ముట్టకుండా రోజంతా గడపడం ఏమిటో ఏసీ గదుల్లో ఇఫ్తార్ విందులిచ్చే నాయకులకు తెలిసే అవకాశం లేదు. స్త్రీలకు ఈ నెల రెండింతల శ్రమ. సహరి వండడానికి అందరికంటే ముందు లేచేది వారే, ఇఫ్తార్ సిద్ధం చేసి చివరన తినేదీ వారే.

2025 రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే కార్యాలయం విడిచి వెళ్లవచ్చని తెలంగాణ ప్రభుత్వం ఆదేశమిచ్చినప్పుడు దాన్ని బుజ్జగింపు అంటూ పెద్ద రగడ చేశారు. ఆ వెసులుబాటును నేను తప్పుపట్టను. నేను అడిగేది వేరు. ఆ ఉత్తర్వు వర్తించేది ఉద్యోగం ఉన్న ముస్లింకు. మిరప చేనుకు సర్క్యులర్ రాదు. బుజ్జగింపు అన్నవారికీ, మేలు చేశామన్నవారికీ మధ్య జరిగిన ఆ వాదంలో కూలి ముస్లిం ఊసే రాలేదు.

ధర్మశాస్త్రం మాత్రం ఆ కూలిని మరచిపోలేదు. రోగికి, ప్రయాణికుడికి, గర్భిణికి, పాలిచ్చే తల్లికి ఉపవాసాన్ని వాయిదా వేసి తర్వాత పూర్తి చేసుకునే అవకాశం ఉన్నది. ఎన్నటికీ ఉండలేని వృద్ధుడు, దీర్ఘరోగి పేదకు అన్నం పెడితే చాలు. శ్రమ వల్ల ప్రాణం మీదికి వస్తే ఉపవాసం విడిచి వేరొక రోజు ఉండవచ్చునని న్యాయవేత్తలు చెప్పారు. శక్తికి మించిన భారం ఎవరి మీదా లేదన్నది ఖురాన్ మూలసూత్రం. కాబట్టి చేలో నీళ్లు తాగిన కూలిని చూసి 'వీడేం సాయిబు' అనేవాడు ధర్మాన్ని కాపాడడం లేదు. తన తీరికను భక్తిగా చూపించుకుంటున్నాడు, అంతే.

నాలుగో విధి జకాత్. నా దృష్టిలో కుల ప్రశ్నకు అత్యంత సమీపమైనది ఇదే. అవసరాలు, అప్పులు పోను సుమారు 612 గ్రాముల వెండికి సమానమైన సంపద ఏడాది పాటు నిలిచి ఉన్నవారు అందులో రెండున్నర శాతం ఇవ్వాలి. పంట మీద ఉష్ర్ అనే వాటా వేరే ఉన్నది. వాన నీటితో పండితే పదో వంతు, ఖర్చు పెట్టి తడి కడితే ఇరవయ్యో వంతు. రైతు పెట్టుబడిని లెక్కలోకి తీసుకునే ఆ సూత్రంలోని న్యాయ దృష్టి గమనించదగ్గది. జకాత్ భిక్ష కాదు, ధనికుడి సంపదలో పేదకు ఉన్న హక్కు. దాన్ని పొందదగిన ఎనిమిది వర్గాలను ఖురాన్ పేర్కొన్నది. నిరుపేదలతో పాటు అప్పుల్లో మునిగినవారు, బానిసత్వంలో ఉన్నవారు వాటిలో ఉన్నారు. వడ్డీ వ్యాపారి గుప్పిట్లో చిక్కిన కౌలు రైతు, అడ్వాన్సు తీసుకుని మేస్త్రీకి కట్టుబడిన కూలి ఈ కోవలోకి రారా?

ఆచరణలో ఏం జరుగుతున్నది? బోనకల్ వంటి చోట్ల ముస్లింలలో ఎక్కువ మంది జకాత్ ఇచ్చే స్థితిలో లేరు, తీసుకునే స్థితిలో ఉన్నారు. ఇవ్వగలిగిన కొద్దిమంది ఇచ్చినది రంజాన్‌లో రసీదు పుస్తకాలతో వచ్చే దూరపు సంస్థలకు కొంత, గుమ్మంలో నిలబడిన వారికి చిల్లరగా కొంత పోతున్నది. దగ్గరి బంధువులకు, ఇరుగుపొరుగు పేదలకు ముందు చూడమన్న సూత్రం వెనక్కి పోయింది. ఒక ఊరి జకాత్‌ను ఒకచోట చేర్చి ఏటా ఒక్క కుటుంబాన్ని అప్పు నుంచి విడిపించినా, ఒక్క ఆడపిల్లను డిగ్రీ దాకా చదివించినా అది విధి నిర్వహణే అవుతుంది. పంపిణీలో ఫకీరు, దూదేకుల, మెహతర్ కుటుంబాలకు ఎంత దక్కుతున్నదో లెక్క చూసే సంప్రదాయం మన జమాత్‌లలో ఇంకా ఏర్పడలేదు. కులం లేదనుకున్నచోట ఎవరికి అందలేదో లెక్క ఎవరూ అడగరు.

ఐదో విధి హజ్. స్తోమత ఉన్నవారికే అన్న షరతు ఖురాన్‌లోనే ఉన్నది. హజ్ కమిటీ ద్వారా వెళ్లినా మూడు లక్షల రూపాయలు దాటే యాత్ర, కూలి కుటుంబానికి దూరపు కల. వెళ్లలేనివాడు పాపి కాదు. కుట్టు లేని రెండు తెల్లని వస్త్రాల్లో రాజూ పేదా తేడా చెరిపే ఆ యాత్ర నుంచి తిరిగి వచ్చాక మాత్రం పేరు ముందు 'హాజీ' చేరి ఊళ్లో కొత్త హోదా మొదలవుతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుచేస్తాను. 1964లో హజ్‌కు వెళ్లిన మాల్కం ఎక్స్, తెల్లవారితో ఒకే పళ్లెంలో తిని, వర్ణభేదం లేని సోదరత్వాన్ని చూసి చలించాడు. అంతమాత్రాన అమెరికాకు తిరిగి వచ్చి వర్ణవివక్ష లేదని ప్రకటించలేదు. మక్కాలో చూసిన సమానత్వాన్ని గీటురాయిగా పట్టుకుని స్వదేశంలోని అసమానతతో మరింత పోరాడాడు. సఫ్ చూపించే సమానత్వంతో మనం చేయవలసిన పని కూడా అదే. దాన్ని కులాన్ని కప్పిపెట్టే దుప్పటిగా వాడుకోకూడదు.

సఫ్ దాటాక మొదట ఎదురయ్యేది పెళ్లి. దైవభీతి తప్ప మరే ఆధిక్యమూ లేదన్న బోధ ఉండగానే, కుఫు అనే సరిజోడు నియమం కింద హనఫీ న్యాయ గ్రంథాలు వంశాన్ని, వృత్తిని కూడా లెక్కలోకి తెచ్చాయి. ఇమాం మాలిక్ ధర్మనిష్ఠనే ప్రధానంగా చూశారు. అంటే సమానత్వ పక్షం ధర్మంలోపలే ఉన్నది, మన సమాజం ఎంచుకున్నది మాత్రం రెండో పక్షాన్ని. పఠాన్ ఇంటికీ దూదేకుల ఇంటికీ మధ్య నిఖాలు ఎన్ని జరుగుతున్నాయో ప్రతి పాఠకుడూ తన ఊరిని తలుచుకుని చెప్పగలడు. అంబేడ్కర్ పాకిస్తాన్ అంశంపై రాసిన గ్రంథంలో 1901 బెంగాల్ జనగణన నివేదికను ఆధారం చేసుకుని ముస్లింలలోని అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అంతరాలను చర్చించారు. 2006లో సచార్ కమిటీ ఈ అంతస్తులను గుర్తించింది.

రెండో విషయం స్థానిక ఆచారాలు. పీర్ల పండుగలో అలాయి చుట్టూ తిరిగే మాదిగలు, యాదవులు, దూదేకుల వారు కలిసి కట్టుకున్న ఊరుమ్మడి భక్తి ఒకటి తెలుగు నేల మీద ఉన్నది. బోనకల్ పక్కనే ఉన్న చింతకానిలో పుట్టిన కవి, పరిశోధకుడు అఫ్సర్, అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండుగపై ఇంగ్లీషులో వెలువరించిన గ్రంథంలో ఈ స్థానిక ఇస్లాంకూ, 'అసలైన ఇస్లాం' పిలుపుకూ మధ్య నడుస్తున్న ఘర్షణను చర్చించారు. ఏది శాస్త్రసమ్మతమో తేల్చడం నా పని కాదు. సంస్కరణ పేరుతో శ్రమకులాల ఆచారాలన్నిటినీ అజ్ఞానమని కొట్టిపారేసి, వంశ గర్వాన్ని, కట్నాన్ని, కమిటీ పెత్తనాన్ని మాత్రం ముట్టుకోకపోవడాన్ని నేను ప్రశ్నిస్తున్నాను. సంస్కరణ కింది మెట్టు దగ్గర మొదలై కింది మెట్టు దగ్గరే ఆగిపోతే దాన్ని ఏమనాలి?

ఇక రాజ్యం సంగతి. అనంతరామన్ కమిషన్ 1970లో ఇచ్చిన నివేదిక తర్వాత దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ బీసీ-బీలో, మెహతర్ బీసీ-ఏలో చేరారు. 2007లో పీ.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా చేసిన చట్టం 14 ముస్లిం సమూహాలను పేర్కొని, సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివారిని మినహాయించి, బీసీ-ఈ కింద 4 శాతం ఇచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద ఆ కోటా నిలబడి ఉన్నది. దీన్ని మత రిజర్వేషన్ అనేవారు ఆ మినహాయింపుల జాబితాను చదవాలి. మతమే ప్రాతిపదిక అయితే సయ్యద్‌ను మినహాయించి ఫకీరును చేర్చడం ఎలా సాధ్యం? మరోవైపు 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది దక్కింది. పాకీ పని చేసిన మెహతర్ ముస్లింకు నేటికీ దక్కలేదు. మతం మారితే అంటరానితనం పోతుందని ఆ ఉత్తర్వు ఊహించుకున్నది. మతాన్ని హోదా నుంచి వేరు చేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసినా కదలిక లేదు.

2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం వెల్లడించిన కులసర్వే ప్రకారం రాష్ట్ర జనాభాలో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. అంటే ప్రతి ఐదుగురు ముస్లింలలో నలుగురు వెనుకబడిన తరగతుల వారే. ఆ నలుగురి గొంతు శాసనసభలో, వక్ఫ్ వ్యవహారాల్లో, పార్టీల మైనారిటీ విభాగాల్లో, మసీదు కమిటీల్లో ఎంత వినిపిస్తున్నది? ముస్లిం ప్రాతినిధ్యం అంటే కొన్ని కుటుంబాల ప్రాతినిధ్యంగా మిగిలిపోతే, అంకెల్లో మనం ఉంటాం, నిర్ణయాల్లో ఉండం.

కాబట్టి నా సూచనలు స్పష్టమైనవి. జనగణన గణకుడికి మతం ఇస్లాం అని, కులం ఉన్నదున్నట్టు దూదేకుల అనో, ఫకీరు అనో, హజామ్ అనో, మెహతర్ అనో చెప్పాలి. కులం అని అడిగితే ముస్లిం అని చెప్పి ఊరుకుంటే వెనుకబాటు కాగితం మీద మాయమవుతుంది, దానితోపాటు మన హక్కూ పోతుంది. జుమా ప్రసంగం తెలుగు ప్రాంతాల్లో తెలుగులో కూడా సాగాలి. మసీదు కమిటీలో ఊళ్లోని ప్రతి ముస్లిం సమూహానికీ చోటుండాలి, స్త్రీల మాటకు విలువ ఉండాలి. జకాత్ లెక్కను ఊరి ముందు పెట్టాలి. ఇవేవీ ఇస్లాంకు వెలుపలి కోరికలు కావు. రోగం పేరు వైద్యుడికి చెప్పడం ఆరోగ్యానికి ద్రోహం ఎలా కాదో, కులం పేరు గణకుడికి చెప్పడం విశ్వాసానికి ద్రోహం కాదు.

ఐదు విధులూ మనిషిని అతడి శక్తిని బట్టి అడుగుతాయి. ఉన్నవాడిని ఎక్కువ అడుగుతాయి, లేనివాడికి మినహాయింపులిస్తాయి. మన సమాజం మాత్రం లేనివాడిని ఆచరణ గురించి నిలదీస్తున్నది, ఉన్నవాడిని న్యాయం గురించి అడగడం మానేసింది. ఈ తలకిందుల లెక్కను సరిచేయడం చదువుకున్న ముస్లిం యువతరం ముందున్న బాధ్యత. ముస్లిం విద్యార్థి సంఘాలు, బహుజన విద్యార్థి సంఘాలు జనగణనకు ముందే ఊరూరా ఈ చర్చ పెట్టాలి. గణకుడు వచ్చి వెళ్లాక పెడితే ప్రయోజనం ఉండదు.